ప్రమాద ప్రవర్తన: వివాహము

మగవాళ్ళు ఊళ్ళో దిగేలోపు నీలవేణి చెయ్యవలసిన పనులు ఇవి. పాక మీద కొత్త తాటాకు కప్పించాలి. అరుగు ఎర్రమట్టితో అలకాలి. అత్త సన్నాసమ్మకి కంట్లో వేసే చుక్కలమందు తేవాలి. మావకి, అంటే మొగుడికి, ఇష్టమని ఎండేసిన నెత్తళ్ళ చేపల్ని కాకులెత్తుకుపోకుండా కాయాలి. మావ తెచ్చే దుప్పట్లు పెట్టుకోడానికి రేకుపెట్టె ఖాళీ చెయ్యాలి. మావ గడప తొక్కకముందే అతని నెత్తురు పరీక్ష చేయించాలి.

మొదటి ఐదు పనులూ ఆడమనిషి చేత అయ్యేవే. ఆరోదే తెగలేదు.

కొత్తగుల్లపేటలో మగవాళ్ళకి సొంత సముద్రం గుమ్మం ముందే ఉంది. అందులో చేపలే లేవు. అందుకని వానలు వెనకబడగానే గుజరాత్ రేవులకి పోయి, పరాయి బోట్ల మీద కూలికి వేట చేస్తారు. మళ్ళీ వానలు ముంచుకొచ్చి ఆ రేవులు మూతపడగానే తిరిగొస్తారు. ఏడాదిలో మొగుడు ఇంట ఉండేది ఆ మూడు నెలలే. నీలవేణి మొగుడు నూకరాజు బోటు మీద వంటవాడు. మంచివాడే. ఎవరితోనూ పేచీ లేదు, తాగినా పాటలు పాడతాడు తప్ప చెయ్యెత్తడు. రేవులో మిగతా మగవాళ్ళు ఎక్కడికి పోతే అక్కడికే పోతాడు. ఆ ఎక్కడికి అన్నదే నీలవేణి భయం.

ఆ భయానికి ఒక పేరుంది. పోలమ్మ. నీలవేణి అప్ప, సొంత అక్క. పక్క ఊళ్ళో ఇచ్చారు. కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో అందరికీ చేసినట్టే ఆమెకీ నెత్తురు పరీక్ష చేస్తే హెచ్.ఐ.వి. ఉందని తేలింది. మొగుణ్ణి కూడా తీసుకురమ్మన్నారు. అతను రాలేదు. "ముందు ఎవులికి బయటపడితే ఆలే తెచ్చినట్టు" అని అత్తవారు తీర్పు చెప్పి, ఆమెను బట్టల సంచీతో పుట్టింటికి పంపించేశారు. బిడ్డ దక్కలేదు. మందులు ఊరికే ఇస్తారు, వేసుకుంటే బతుకుతుంది. కానీ ఆ మందులిచ్చే చోట బస్సు దిగితే కండక్టరు మొదలు అందరికీ తెలిసిపోతుంది. నాలుగుసార్లు దిగి, అయిదోసారి దిగలేక, పోలమ్మ పోయింది. మొగుడు ఆ ఏడే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు.

"అయితే నువ్వే అడగొచ్చు గదమ్మా మీ ఆయన్ని" అంది సునంద. సునంద ఎయిడ్స్ నియంత్రణ పథకంలో ఫీల్డు సూపర్‌వైజరు. ఆమె ఇంట్లో మొదట డిగ్రీ చదివింది ఆమే. అందుకని చదివినదంతా జరుగుతుందని ఇంకా నమ్మకం.

"పెళ్ళాం మొగుణ్ణి నెత్తురు పరీక్ష సేయించుకోమందంటే రెండే అర్థాలు మేడమ్. ఒకటి, ఆణ్ణి అనుమానిస్తంది. రెండు, దానికే ఏదో ఉన్నాది. రెంటికీ దెబ్బలొకటే. అదే గవర్నమెంటు అడిగిందనుకో, ఎవులికీ రోసం రాదు. రైలు దిగినోళ్ళని దిగినట్టే అడిగీమనండి. తెప్ప ఒడ్డెక్కితే ముందు అడుగున పురుగేసిందేమో సూసుకుంటారు గదా. అలాగే సూసీమను."

సునందకి ఇది సబబుగా తోచి, నీలవేణిని వెంటబెట్టుకుని జిల్లా పథక అధికారి తారకేశ్వరరావు దగ్గరికి తీసుకెళ్ళింది.

తారకేశ్వరరావు మాటలు కూడా దస్త్రాల భాషలోనే పలికేవాడు. అంతా విని కళ్ళద్దాలు తీశాడు. "అభ్యర్థన సహేతుకమే. అయితే పరిధి సమస్య ఉత్పన్నమగుచున్నది. నీ భర్త గుజరాత్‌లో ఉన్నంతకాలం ఆ రాష్ట్రపు వలస కార్మికుడు. ఇంటికి వచ్చిన పిదప సాధారణ ప్రజ. సాధారణ ప్రజకు ప్రమాదం లేదు కనుక పరీక్ష కిట్టు కేటాయింపు లేదు."

"మరి రైల్లో ఉన్నప్పుడు బాబూ?"

"రైల్లో ఉన్నప్పుడు ప్రయాణికుడు. రైల్వేవారిని సంప్రదించవలెను."

ఆ వారమే రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. రాష్ట్రంలో వ్యాధి సోకిన ఆడవాళ్ళలో అత్యధికులకు ఉన్న ఏకైక ప్రమాద ప్రవర్తన ఏమిటని ఒక నిపుణుల సంఘం రెండేళ్ళు అధ్యయనం చేసి, అది వివాహమని తేల్చింది. మాట నిజమే. పోలమ్మని అడిగితే రెండేళ్ళు పట్టకుండానే చెప్పేది. కనుక భార్యలను ఇకపై అధిక ప్రమాద వర్గంగా గుర్తించి, ఆ వర్గాలకు చేసే సమస్త కార్యక్రమాలనూ వారికి చేయవలెనని అందులో ఉంది. భర్తల గురించి ఏమీ లేదు. అధ్యయనం ఆడవారి మీద కదా.

"ఇంకేం, నీ సమస్య రాష్ట్రస్థాయిలో పరిష్కృతమైనది" అన్నాడు తారకేశ్వరరావు.

పని చురుగ్గా మొదలైంది. అధిక ప్రమాద వర్గానికి ముందుగా చేయవలసింది, ప్రమాద ప్రవర్తన జరిగే స్థలాలను గుర్తించడం. సిబ్బంది పెయింటు డబ్బా పట్టుకుని వచ్చి, పెళ్ళయిన ఆడది ఉన్న ప్రతి ఇంటి గోడ మీదా ఎర్రచుక్క పెట్టారు. రామమందిరం, బడి, ఐసు ఫ్యాక్టరీ, సారా దుకాణం సురక్షిత ప్రాంతాలని తేలింది.

"ఇక్కడ రద్దీ ఏ వేళల్లో ఉంటుంది?" అని సర్వే కుర్రవాడు సన్నాసమ్మని అడిగాడు.

"అన్నాల యేల బాబూ" అంది సన్నాసమ్మ. "నానూ, కోడలూ, కుక్క. నువ్వుంటావా, నలుగురమైపోతాం?"

తర్వాత కార్డులు ఇచ్చారు. ఫొటో, పేరు, కింద "అధిక ప్రమాదం: భార్య" అని అచ్చు. పెళ్ళికాని పిల్లలు ఆశగా చూశారు. ఒక్కో పేటకి ఒక్క తోటి బోధకురాలు ఉండాలి కనుక, అర్జీ పెట్టినది నీలవేణే కనుక, ఆమెనే వేశారు. ఆ ఉద్యోగానికి పేరు "సహభార్య". సన్నాసమ్మ ఆ మాట విని రెండుసార్లు చెప్పించుకుని, "అంటే నీకు సవితినిస్తారేటే?" అని అడిగింది. చాలాసేపు ఆలోచించి, "వొస్తే రానీ. నీళ్ళు మోస్తాది" అంది.

కండోములు అట్టపెట్టెల్లో వచ్చాయి. భార్యకి నెలకిన్ని అని కేటాయింపు. మొగుళ్ళు ఊళ్ళో లేని నెలలకి కూడా బకాయితో సహా పంపారు.

"ఇయ్యి మేమేటి సేసుకోవాలి మేడమ్?" అని నీలవేణి అడిగింది.

"వాడాలి" అంది సునంద, తలెత్తకుండా.

"వాడాల్సినోడు గుజరాత్‌లో ఉన్నాడు. అక్కడికి పంపండి."

"లబ్ధిదారులు మీరే" అంది సునంద. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆ రోజంతా ఆమెకి అన్నం సయించలేదు.

కానీ సముద్రం మీద వస్తువు వృథా పోదు. తెప్ప మీద పోయే ముసలివాళ్ళు సెల్‌ఫోన్లూ అగ్గిపెట్టెలూ తడవకుండా వాటిలో దూర్చి మూతి కట్టేశారు. ఫోన్లు మునిగినా మోగాయి. నెల తిరిగేసరికి సరుకంతా ఖాళీ. కొత్తగుల్లపేటలో నూటికి నూరు శాతం వినియోగమని తారకేశ్వరరావు పైకి రాశాడు. పైనుంచి అభినందనా, రెట్టింపు సరుకూ వచ్చాయి.

అప్పుడు శిక్షణ పెట్టారు. విషయం, భర్తతో బేరసారాల నైపుణ్యం. రాజధాని నుంచి ఒక శిక్షకురాలు వచ్చింది. ఇస్త్రీ నలగని చీర, మెళ్ళో పూసలు. కింద కూర్చున్నవాళ్ళు పొద్దున్నే గంపలెత్తుకుని సంతల్లో చేపలమ్మేవాళ్ళు. వాళ్ళతో బేరమాడి నెగ్గినవాడు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. "బేరంలో మొదటి మెట్టు ఆత్మవిశ్వాసం" అని శిక్షకురాలు మొదలుపెట్టింది. వాళ్ళు మర్యాదగా తలలూపారు.

అభినయం చేసి చూపించాలంది. నీలవేణి భార్య. భర్త వేషానికి మగవాళ్ళని పిలిచే వెసులుబాటు పథకంలో లేదు. సన్నాసమ్మ తలగుడ్డ చుట్టుకుని, బీడీ ముక్క పెదవిని అతికించుకుని లేచింది. ఒక్కసారిగా నవ్వులు.

"ఇప్పుడు మీరు భర్తకి మృదువుగా, స్పష్టంగా మీ అభిప్రాయం చెప్పండి" అంది శిక్షకురాలు.

"మావా" అంది నీలవేణి, నవ్వాపుకుంటూ. "ఇది వాడుదాం. నేకపోతే ఒద్దు."

సన్నాసమ్మ బీడీ తీసి ఊసింది. అడుగు ముందుకేసింది. "ఒద్దా? తొమ్మిది నెలలు ఉప్పునీళ్ళలో సచ్చి వొస్తే ఒద్దా? ఈ సంగతులు నీకెవుడు సెప్పినాడే? నాను ఇంట్లో నేనప్పుడు ఎవుడొచ్చీవోడు?"

నవ్వులు ఆగిపోయాయి. నీలవేణికి చెప్పాల్సిన మాటేదో ఉంది, కాగితం మీద కూడా ఉంది, గుర్తు రాలేదు. సన్నాసమ్మ అలాగే నిలబడింది. ఆ మాటలు ఆమె కల్పించినవి కావు. ఎప్పుడో, ఏదో రాత్రి విన్నవి. నెమ్మదిగా తలగుడ్డ విప్పి, "నాకు నడుం నొప్పిగున్నాది" అని కూర్చుంది.

"చాలా సహజంగా వచ్చింది" అని శిక్షకురాలు చప్పట్లు కొట్టించింది. భోజనాలకి ఆలస్యమవుతోందని రెండో మెట్టు కలిపి చెప్పేసింది.

శిక్షణకి ధ్రువపత్రాలివ్వబోయే ముందు ఆడిట్ అభ్యంతరం వచ్చింది. భర్త అనుమతి లేకుండా భార్యకు సాధికారత కల్పించుట నిబంధనలకు విరుద్ధమట. అనుమతి పత్రాలు గుజరాత్ పంపారు. "మీ భార్య శ్రీమతి ఫలానావారు హెచ్.ఐ.వి. అధిక ప్రమాద వర్గములో నమోదైనందున..." అని మొదలయ్యే పత్రం అది. రేవులో తెలుగు చదవగలిగినవాడు గట్టిగా చదివి వినిపించాడు.

ఆ సాయంత్రం కొత్తగుల్లపేటలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

"ఒలే నీలా" అన్నాడు నూకరాజు. గొంతులో పాట లేదు. "నీకు కార్డిచ్చినారట?"

"అందరికీ ఇచ్చినారు మావా."

"అందరి సంగతి నాకొద్దు. ఇంటి మీద ఎర్రచుక్క ఎందుకెట్టినారు? ఏటి సేసినావు?"

"పెళ్ళి సేసుకున్నాను" అంది నీలవేణి.

"నానొచ్చి సూస్తాను" అని పెట్టేశాడు.

మగవాళ్ళు వచ్చే రోజున ఊరి మొగలో షామియానా వేశారు. బస్సులు దిగిన మగవాళ్ళు మూటలు దింపి, కూల్‌డ్రింకులు పుచ్చుకుని, ఒక్కమాట మీద కూర్చున్నారు. ఆడాళ్ళకి నెత్తురు పరీక్ష చేసి, ఏమీ లేదని తేలితేనే ఇళ్ళలోకి అడుగుపెడతామన్నారు.

తారకేశ్వరరావు ఆనందం పట్టలేకపోయాడు. ప్రజలే స్వచ్ఛందంగా పరీక్ష కోరడం ఆయన సర్వీసులో మొదటిసారి. భార్యల పేరున కిట్లు సిద్ధంగానే ఉన్నాయి. వ్యాను వచ్చింది. గడప తొక్కకముందే పరీక్ష అని నీలవేణి ఏది కోరిందో అచ్చం అదే జరిగింది. చెయ్యి మాత్రం ఆమెది.

ఎండలో ఆడవాళ్ళు బారుగా నిలబడ్డారు. నీడలో మగవాళ్ళు చూస్తూ కూర్చున్నారు. సూది దిగుతున్నప్పుడు నీలవేణి అటు చూడలేదు. నూకరాజు వంక చూసింది. అతను మూటలోంచి కొత్త దుప్పటి అంచు సర్దుకుంటున్నాడు.

ఎవరికీ ఏమీ లేదని తేలింది. పత్రాలు భర్తలకి అందజేశారు. ఊరంతా సురక్షితమైన సందర్భంగా ప్రతి ఇంటి గుమ్మానికీ రేకు బోర్డు కొట్టించాడు తారకేశ్వరరావు. "ఈ గృహము సురక్షితమని ధ్రువీకరించడమైనది." ఆయన జాగ్రత్త తెలిసిన మనిషి. రేపు ఎవరికైనా ఏదైనా వస్తే తన మీదికి రాకుండా, కింద చిన్నక్షరాలతో ఇంకో వాక్యం వేయించాడు. "పరీక్షింపబడని వ్యక్తి ఇందు ప్రవేశించినచో ఈ ధ్రువీకరణ రద్దగును. అందుకు ఈ శాఖ బాధ్యత వహించదు."

నీలవేణి పదో తరగతి దాకా చదువుకుంది. చిన్నక్షరాలు చదివింది. మళ్ళీ చదివింది. కొత్తగా అలికిన అరుగు మీద, గుమ్మానికడ్డంగా కూర్చుంది.

"లే. లోనికెల్లాలి" అన్నాడు నూకరాజు.

"ఎల్లు మావా. నానేటీ అన్ను. సునంద మేడమ్, ఆ బోర్డు మీదేటున్నాదో మావకి ఓపాలి సదివీయండి."

సునంద చదివింది. ఎందుకోగాని చిన్నక్షరాలని పెద్దగా చదివింది. వీధిలోవాళ్ళంతా విన్నారు.

"అంటే ఏటి?" అన్నాడు నూకరాజు.

"నువ్వు లోనికొస్తే ఇల్లు సెడిపోద్దంట. నానన్నది గాదు. గవర్నమెంటు అంటంది."

నూకరాజు కోపానికి చోటు వెతికాడు. పెళ్ళాం మీద పెడదామంటే అది ఏమీ అనలేదు. బోర్డు మీద పెడదామంటే దానికి మూలమైన పరీక్షకి పొద్దున్న పట్టుబట్టింది తనే. పక్కింటి గుమ్మంలో కూడా ఒకామె చాపేసుకుని కూర్చుంది. ఆ పక్కన ఇంకొకామె. చూస్తుండగానే వీధి పొడుగునా గుమ్మాలన్నీ మూసుకుపోయాయి, ఒక్క తలుపూ వెయ్యకుండానే.

మగవాళ్ళు మళ్ళీ షామియానాకి పోయారు. "రాసినోడివి నువ్వే గదా బాబూ. మాకూ సేసీ" అన్నారు.

"అసంభవం" అన్నాడు తారకేశ్వరరావు. "కిట్లు భార్యలకు కేటాయింపబడినవి. మీరు భార్యలు కారు."

"మరి ఇళ్ళలోకి ఎలాగెల్లడం?"

"ప్రవేశించినచో ధ్రువీకరణ రద్దగును" అని, ఆ మాట తన చెవినే పడ్డాక ఆయన ఆగిపోయాడు. ధ్రువీకరణ రద్దయితే నూటికి నూరు శాతం పోతుంది. రాష్ట్రస్థాయి బహుమతికి పేరు వెళ్ళిపోయి ఉంది. చెమట తుడుచుకున్నాడు.

సన్నాసమ్మ కర్రపోటుతో వచ్చింది. "ఏటి బాబూ అంత యోచన? మా నూకడు తొమ్మిది నెలలు బోటు మీద కూడొండి, గిన్నెలు తోమి, అందరికీ వొడ్డించి ఆకర్న తిన్నోడు. ఆడు భార్య కాకపోతే ఇంకెవులు భార్య? రాసీ."

జనం గొల్లుమన్నారు. తారకేశ్వరరావు నవ్వలేదు. సర్క్యులర్ తెప్పించి, నిర్వచనాల పేజీ తీశాడు. భార్య అనగా వివాహమను ప్రమాద ప్రవర్తన కలిగియున్న లబ్ధిదారు. ఆడది అయ్యుండాలని నిపుణుల సంఘం రాయలేదు. వాళ్ళకి తట్టలేదు.

"నీకు వివాహమైనదా?" అని నూకరాజుని అడిగాడు.

"అయింది బాబూ."

"ఆ ప్రవర్తన ఇంకనూ కొనసాగుచున్నదా?"

నూకరాజు వీధి చివర గుమ్మంలో కూర్చున్న మనిషి వైపు చూశాడు. "తను లెగిస్తే కొనసాగుద్ది" అన్నాడు.

అలా నూకరాజు భార్యగా నమోదయ్యాడు. వెనకాల తక్కినవాళ్ళూ బారు కట్టారు. ఈసారి ఎండ మగవాళ్ళ మీద పడింది. మీసాలున్న ఫొటోలతో కార్డులు అచ్చయ్యాయి. కండోములకి కేటాయింపు ఎలాగూ భార్యలకే కనుక మొట్టమొదటిసారి అవి వాడాల్సినవాళ్ళ చేతికే అందాయి. అది పొరపాటున జరిగిందని తర్వాత విచారణలో తేలింది.

ఫలితాలు సునంద ఒక్కొక్కరినే వ్యానులోకి పిలిచి, తలుపేసి చెప్పింది. ఆ ఒక్క పని ఆమె చదువుకున్నట్టుగానే చేసింది. నూకరాజు లోపలికి వెళ్ళి తొందరగా రాలేదు. వచ్చాక ఇంటివైపు రాలేదు. ఒడ్డునున్న వలల పాక దగ్గర, బోర్లించిన తెప్ప మీద కూర్చున్నాడు. కూర్చున్న తీరు చూస్తే నీలవేణికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

చెంబుతో గంజి పట్టుకెళ్ళింది. అతను తాగలేదు.

"పరీక్ష నువ్వే పెట్టించినావా?" అన్నాడు.

"నానడగనేదు మావా. గవర్నమెంటు అడిగింది."

"నీకు నేదు గదా?"

"నేదు. గుమ్మం మీద రాసున్నాది."

"నన్నెల్లగొట్టీ" అన్నాడు. "మీ అప్పని ఎల్లగొట్టినట్టు."

నీలవేణికి ఆ మాట అనాలనే ఉంది. చాలా ఏళ్ళుగా ఎవరో ఒకరిని అనాలని దాచుకున్న మాట. చెంబు అతని చేతికిచ్చి, సగం తాగాక తీసుకుని, మిగతా సగం అదే చెంబుతో తాగింది. "మందులున్నాయి. నాకు రాకుండా ఎలాగుండాలో మేడమ్ సెప్తాది, ఇద్దరం యిందాం. సోమారం బస్సుకెల్దాం. దిగినప్పుడు నీ పక్కన నాను దిగుతాను. సూసీవోళ్ళని సూడనీ."

రాష్ట్రస్థాయి బహుమతి తారకేశ్వరరావుకే వచ్చింది. కొత్తగుల్లపేటలో ఒక్క పూటలో భార్యల సంఖ్యను రెట్టింపు చేసినందుకు శాలువా కప్పారు. నివేదికలో ఇలా ఉంది: "గ్రామములో కొత్తగా మూడు కేసులు బయటపడినవి. ముగ్గురునూ భార్యలే. భర్తలలో ఒక్క కేసయినను నమోదు కాకపోవుట హర్షణీయము. వచ్చే సంవత్సరము భార్యలపై మరింత శ్రద్ధ పెట్టవలెను."

ఎర్రచుక్కలు ఇప్పుడు పక్క ఊరికీ వెళ్ళాయి. పోలమ్మ మొగుడి ఇంటికి కూడా ఒకటి పెట్టారు, అతని రెండో భార్య పేరున. అతను ఈనాటికీ సాధారణ ప్రజ.

నీలవేణి దగ్గర కార్డుంది. నూకరాజు దగ్గరుంది. ఆ ఊళ్ళో పెళ్ళయిన ప్రతి మనిషి దగ్గరా ఉంది. ఏ కార్డూ లేకుండా, ఏ లెక్కలోనూ పడకుండా, ఒక్కతే పరీక్ష చేయించుకుని ఒక్కతే బస్సు దిగిన మనిషి ఒకతె ఉండేది. నివేదిక చదివేవాళ్ళకి ఆమె కనబడదు. కథ చదివారు గనుక మీకు కనబడింది. పోలమ్మ అనే పేరు కాస్త గుర్తుంచుకోండి.